జానెడు మట్టిలో ఎర్రకుచ్చులు

నాకు వచ్చే ఉత్తరాల్లో ఈమధ్య ఒక కొత్తరకం ప్రశ్న కనబడుతోంది. ఇదివరకు "మల్లెమొగ్గలు రాలిపోతున్నాయి, ఏం చెయ్యమంటారు?" అనీ, "కరివేపాకు మొక్క ఎదగటం లేదు" అనీ అడిగేవారు. ఇప్పుడు మాదాపూరు నుంచీ, కొండాపూరు నుంచీ, గచ్చిబౌలి నుంచీ రాసేవాళ్ళు, "మాకు పెరడు లేదు, డాబా లేదు. వున్నదల్లా పన్నెండో అంతస్తులో నాలుగడుగుల బాల్కనీ. అందులో ఒక చెట్టు వుండాలి. మొక్క కాదు, చెట్టు! దారేమైనా చెబుతారా?" అని అడుగుతున్నారు. ఒకావిడైతే మరీ నిష్కర్షగా రాశారు: "మా అబ్బాయి మెల్‌బోర్న్‌లో వుంటాడు. అక్కడి పూలచెట్ల ఫొటోలు పంపిస్తాడు. వాటిని పళ్ళేల్లో బోన్సాయిలుగా పెంచుతారట. మన హైదరాబాదులో అవి బతుకుతాయా? బతికితే పూస్తాయా? వున్నదున్నట్టు చెప్పండి."

వున్నదున్నట్టే చెబుతాను. వాటిలో కొన్ని ఇక్కడ బతకవు. కొన్ని బతికినా పూయవు. ఒకటి మాత్రం హాయిగా బతుకుతుంది, కడుపునిండా పూస్తుంది కూడా. దానికోసం మెల్‌బోర్న్ దాకా పోనక్కరలేదు. ఆఫీసుల ఆవరణల్లోనూ, పార్కుల్లోనూ మీరు చూస్తున్నదే. పసిపిల్లల పాలసీసాలు కడిగే బ్రష్షులాగా, కొమ్మల చివర ఎర్రటి కుచ్చులు వేళ్ళాడే చెట్టు. బాటిల్ బ్రష్ అంటారు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కాలిస్టెమాన్. గ్రీకు భాషలో 'అందమైన కేసరాలు' అని అర్థం. ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఆ ఎర్రటి దారాలు రేకులు కావు, కేసరాలే. రేకులు కంటికి ఆననంత చిన్నవి. ఈమధ్య కొందరు శాస్త్రజ్ఞులు దీన్ని మెలల్యూకా ప్రజాతిలో కలిపేశారు. పేరు ఏదైనా పువ్వు అదే కనుక ఆ తగాదా మనకు వద్దు.

ఆస్ట్రేలియా చెట్లంటే మనకు కొత్తచుట్టాలేమీ కావు సుమండీ. తలనొప్పి వస్తే రాసుకునే నీలగిరి తైలం ఏ చెట్టుది? మనవాళ్ళు జామాయిలు అనే యూకలిప్టస్‌ది. దాన్ని 1790 ప్రాంతాల్లో టిప్పు సుల్తాను నంది కొండమీద నాటించాడని చెబుతారు. సముద్రతీరం పొడుగునా మన రైతులు తోటలు తోటలుగా వేసే సరుగుడు పుట్టిళ్ళలో ఆస్ట్రేలియా ఉత్తరతీరం కూడా ఒకటి. అరకులోయలో కాఫీ మొక్కలకు గొడుగు పట్టి, మిరియం తీగెలకు ఒళ్ళు అప్పగించే సిల్వర్ ఓక్ కూడా ఆ దేశపు ఆడపడుచే. ఇన్నాళ్ళూ అవి పొలాల్లోనూ కొండల్లోనూ వుండిపోయాయి. ఇప్పుడు వాటి చెల్లెలొకతె బాల్కనీ దాకా వచ్చింది, అంతే.

వీటి సంగతి బయటి లోకానికి తెలిసిన కథ కూడా బాగుంటుంది. 1770లో కెప్టెన్ కుక్ నడిపిన ఎండెవర్ అనే ఓడ ఆస్ట్రేలియా తూర్పుతీరాన ఒక అఖాతంలో లంగరు వేసింది. ఆ ఓడలో జోసెఫ్ బ్యాంక్స్, డేనియల్ సోలాండర్ అని ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులున్నారు. యూరపులో ఎవ్వరూ ఎరగని మొక్కలు వాళ్ళకు అక్కడ కుప్పలుగా దొరికాయి. ఆ చోటుకు బోటనీ బే అని, అంటే వృక్షశాస్త్రపు అఖాతమని, పేరే నిలిచిపోయింది. బ్యాంక్సియా అనే పూలచెట్టు ఆ బ్యాంక్స్ పేరే పెట్టుకుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ చెట్ల స్వభావం తెలియకుండా కుండీలో పెట్టటమంటే, అల్లుడి అలవాట్లు కనుక్కోకుండా విందు వండటంలాంటిది. ఆస్ట్రేలియా నేల చాలా ముసలిది. కోట్ల సంవత్సరాలుగా వానకు కడుక్కుపోయి సారం పోగొట్టుకున్న నేల. ముఖ్యంగా భాస్వరం బహుతక్కువ. అక్కడి చెట్లు ఆ పేదరికానికి అలవాటుపడ్డాయి. బ్యాంక్సియా, గ్రెవిల్లియా జాతులవారైతే దొరికిన కాస్త భాస్వరాన్నీ పీల్చుకోవటానికి సన్నటి వేళ్ళను గుత్తులుగుత్తులుగా పెంచుకున్నాయి. అటువంటి చెట్టుకు మనం ప్రేమకొద్దీ గుప్పెడు ఎముకలపొడి వేశామనుకోండి, ఎన్నేళ్ళ ఆకలితోనో వున్నవాడి ముందు పదిమంది భోజనం పెట్టి తినమన్నట్టే. అది విషమై కూర్చుంటుంది.

బాటిల్ బ్రష్ మరీ అంత సుకుమారం కాదు. అది జామ, నేరేడు కుటుంబానికి చెందినది. ఎరువుకు కొంత తట్టుకుంటుంది. కాని దానికి మరో గుణం వుంది. దాని జాతిలో చాలా రకాలు వాగుల పక్కన, నీరు నిలిచే పల్లాల్లో పుట్టినవి. కనుక తిండి లేకపోయినా ఊరుకుంటుంది గాని, నీళ్ళు లేకపోతే ఊరుకోదు. ఈ రెండు ముక్కలూ కుండీమీద రాసిపెట్టుకోండి: తిండి తక్కువ, నీళ్ళు ఎక్కువ. మనవాళ్ళు సరిగ్గా దీనికి తలకిందులు చేస్తారు. ఆదివారంనాడు ఎరువు దండిగా వేస్తారు, సోమవారం నుంచి ఆఫీసు హడావిడిలో నీళ్ళు మరిచిపోతారు.

మా ఎదుటి ఫ్లాటులో ఒక పెద్దాయన వున్నారు. నేను బాబాయిగారూ అని పిలుస్తాను. ప్రకాశం జిల్లాలో నలభై ఏళ్ళు పొగాకూ మిరపా పండించిన మనిషి. భార్య పోయాక కొడుకు దగ్గరికి వచ్చారు. కొడుకూ కోడలూ ఇద్దరూ కంప్యూటరు ఉద్యోగస్థులు, యోగ్యులు. ఆయనకు లోటేమీ చెయ్యరు. "అన్నీ వున్నాయమ్మా, చేతికి మట్టే లేదు" అనేవారు ఆయన. ఆ మాట కోడలి చెవిన పడింది. మామగారి పుట్టినరోజుకు బాటిల్ బ్రష్ బోన్సాయి ఒకటి తెచ్చి బాల్కనీలో పెట్టింది.

ఆయన ఆనందం చెప్పనలవి కాదు. ఎకరాలు ఏలిన చేతికి జానెడు పళ్ళెం దొరికింది. దొరికిందే తడవుగా తనకు తెలిసిన వ్యవసాయమంతా అందులో చేశారు. ఊరినుంచి ఎవరో వస్తుంటే డి.ఎ.పి. తెప్పించి గుప్పెడు వేశారు. డి.ఎ.పి. అంటే నూటికి 46 పాళ్ళు భాస్వరపు సత్తువ వున్న ఎరువు. అది చాలలేదని పైన దోసెడు కోళ్ళఎరువు కూడా చల్లారు. పదిహేను రోజుల్లో ఆకుల కొసలు కాలినట్టు మాడి, ఒక్కొక్కటే రాలటం మొదలెట్టాయి.

నా దగ్గరికి వచ్చి, "అమ్మా, పెట్టవలసిందల్లా పెట్టాను. ఇంకేం పెట్టమంటావు?" అన్నారు.

"పెట్టటం మానెయ్యండి బాబాయిగారూ" అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. "పస్తు పెట్టమంటావా?" అన్నారు.

అది కోపం కాదు. అన్నం పెట్టటమే ప్రేమ అనుకుని బతికినవారి బాధ. ఎకరం పొలంలో గుప్పెడు ఎరువు ఎక్కువైతే నేల సర్దుకుంటుంది. పళ్ళెంలో సర్దుకోవటానికి నేల ఎక్కడుంది? ఎరువులోని ఉప్పంతా వేళ్ళనే అంటిపెట్టుకుని వుంటుంది. ఆ మాట చెప్పగానే ఆయనకు అర్థమయింది. ఎంతైనా రైతు! పై ఎరువంతా తీసేసి, పళ్ళేన్ని కుళాయి కింద పెట్టి, అడుగు రంధ్రాల్లోంచి తేటనీరు వచ్చేదాకా మూడుసార్లు కడిగారు. నీడకు మార్చారు. గోటితో బెరడు గీరి చూసి, "పచ్చి వుంది, ప్రాణం వుంది" అన్నారు. ఆ పరీక్ష నేను చెప్పింది కాదు, ఆయనకు తెలిసిందే. రెండు నెలల తరవాత మొండి మోడుమీదే, బెరడు చీల్చుకుని ఎర్రటి చిగుళ్ళు వచ్చాయి.

అలా రావటంలో వింత లేదు. కార్చిచ్చులకు ఆలవాలమైన దేశం ఆస్ట్రేలియా. అక్కడి చెట్లలో చాలావాటికి మంటలో మాడినా ముసలి మానులోంచో, మొదట్లోంచో మళ్ళీ చిగిర్చే శక్తి వుంది. కాన్‌బెర్రా నగరం దగ్గర 2003లో అడవులు తగలబడ్డ చోటే ఒక జాతీయ వృక్షవనం పెంచి, 2013లో ప్రజలకు తెరిచారు. అందులోనే ఆ దేశపు జాతీయ బోన్సాయి సేకరణ వుంది. అక్కడ జపాను చెట్ల సరసన తమ దేశపు చెట్లను కూడా పళ్ళేల్లో నిలబెట్టారు. నరికినా చిగిర్చే ఈ గుణమే బోన్సాయికి పెట్టుబడి.

ఇప్పుడు చేసే పద్ధతి చెబుతాను. దుకాణాల్లో అలంకరించి పెట్టిన ఖరీదైన బోన్సాయి కొనకండి. మామూలు నర్సరీకి వెళ్ళి, మూడు నాలుగడుగులు పెరిగి, మొదలు బొటనవేలంత లావున్న బాటిల్ బ్రష్ మొక్క అడగండి. ఎన్నిక చేసేటప్పుడు పైన పువ్వులు చూడకండి, కింద మొదలు చూడండి. వేళ్ళు నేలను పట్టుకున్నట్టు నాలుగుపక్కలకూ విస్తరించి వుండాలి. లిటిల్ జాన్ అనే పొట్టిరకం దొరికితే ఇంకా మంచిది, ఆకు చిన్నది. గోల్డెన్ బాటిల్ బ్రష్ అని పచ్చటి పసుపు ఆకుల మొక్క ఒకటి అమ్ముతారు. అదీ ఆస్ట్రేలియాదే, కాని అది ఆకుల అందానికి పెంచేది. ఎర్రకుచ్చుల మీద మనసుపడి దాన్ని తెచ్చుకుంటే నిరాశ తప్పదు.

తెచ్చిన వెంటనే పైనా కిందా ఒకేసారి కొయ్యకూడదు. ఒక ఏడు పైభాగం, మరో ఏడు వేళ్ళు. జపాను పుస్తకాలు చలి వెళ్ళేముందు, చిగురు పుట్టకముందు కుండీ మార్చమంటాయి. అది ఆకురాల్చే శీతల దేశపు చెట్లకు చెప్పిన ముహూర్తం. ఈ చెట్టు వెచ్చదనంలో, ఎదుగుదల జోరుమీద వున్నప్పుడే కోత తట్టుకుంటుంది. మనకు దానికి తగిన సమయం మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక. ఎండ తీవ్రత తగ్గుతుంది, గాలిలో తడి వుంటుంది, ముందు ఎదుగుదలకు మూడు నెలలు వుంటాయి. మొదటి వానాకాలంలో మొక్కను ముప్పాతిక అడుగు ఎత్తుకు కోసి, వచ్చిన చిగుళ్ళలో నాలుగైదు మంచివి వుంచుకోండి. మరుసటి వానాకాలంలో వేళ్ళలో మూడోవంతు కత్తిరించి వెడల్పాటి పళ్ళెంలోకి మార్చండి. వేళ్ళ మట్టినంతా దులిపి బోడి చెయ్యకండి.

మట్టి విషయంలో మన హైదరాబాదువాళ్ళు అదృష్టవంతులు. మన కాళ్ళ కింద వున్నది దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటి నల్లసానపురాయి. 1998 నవంబరులో ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించిననాటికి ఆ చుట్టుపక్కలంతా బండలూ పొదలే. ఆ బండలు అరిగి వచ్చిన గరుకుటి ఎర్రమట్టి నీటిని నిలవనివ్వదు. జల్లెడ పట్టిన ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరిపీచు పొట్టు ఒక పాలు, కందిగింజంత ఇటుకముక్కలూ రాతి నూకా కలిపి రెండు పాళ్ళు, ఇంతే పాకం. నల్లరేగడి మాత్రం దగ్గరికి రానివ్వకండి. తడిస్తే బంకై, ఎండితే రాయై వేళ్ళను నొక్కేస్తుంది.

ఎరువంటారా? నెలకొకసారి, బాగా పలుచన చేసిన వేపపిండి తేట చాలు. ఎక్కువైతే చెట్టు పొడుగ్గా సాగి ఆకులు వేస్తుంది గాని పూయదు. కుండీ మార్చిన నెలరోజులు అదీ వద్దు.

నీళ్ళ సంగతి మరింత జాగ్రత్తగా వినండి. ఈ ప్రాంతపు బోరునీళ్ళు చాలాచోట్ల సున్నపు నీళ్ళు. ఆ నీళ్ళే పోస్తూవుంటే కొన్నాళ్ళకు లేత ఆకులు పసుపురంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. అది ఆకలి కాదు. మట్టిలో ఇనుము వున్నా చెట్టుకు అందకపోవటం. అప్పుడు ఎరువు వేస్తే రోగం ముదురుతుంది. నర్సరీలో దొరికే ఇనుపధాతువు మందు కొద్దిగా నీళ్ళలో కలిపి పోయాలి. అంతకన్నా మేలు, వాననీరు పట్టివుంచటం. వానలేని రోజుల్లో ఏ.సి. యంత్రం గొట్టంలోంచి కారే నీటిని బక్కెట్టులో పట్టండి. అందులో సున్నం వుండదు. బోరునీటిలో సగానికి సగం కలిపి పోసుకోవచ్చు. తాగే నీటి ఆర్.ఓ. యంత్రం వదిలే నీళ్ళు మాత్రం చెట్టుకు పొయ్యవద్దు. 'వృథా పోతున్నాయి కదా' అని చాలామంది ఇల్లాళ్ళు పోస్తున్నారు. నీళ్ళలోని ఉప్పులన్నీ చేరేది అందులోనే. తొట్టి కడగటానికో, గచ్చు తుడవటానికో వాడుకోండి.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున్నా సాయంత్రమూ రెండుపూటలా నీళ్ళు పొయ్యాలి. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో పళ్ళెం కింద ఇంకో పళ్ళెంలో అంగుళంలోపు నీళ్ళుంచితే ఇది వాగు పిల్ల కనుక సంతోషిస్తుంది. కాని ఆ నీళ్ళు రోజూ పారబోసి, పళ్ళెం రుద్ది కడగాలి. లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. పూలచెట్టు పేరుతో ఇంటికి డెంగ్యూ జ్వరం తెచ్చుకున్నవాళ్ళమవుతాము.

ఎత్తయిన అంతస్తుల్లో గాలి మరో శత్రువు. ఎండకన్నా గాలే మట్టిని త్వరగా ఎండగొడుతుంది. చెట్టును పళ్ళేనికి తీగెతో కట్టి, పళ్ళేన్ని గోడవారగా పెట్టండి. కింద నడిచేవాళ్ళ నెత్తిన పడేలా పిట్టగోడమీద పెట్టకండి. రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ తగలాలి. హాల్లో సోఫా పక్కన పెట్టుకునే బొమ్మ కాదిది. చుట్టాలొచ్చిన పూట లోపల పెట్టి చూపించి, మర్నాడు పొద్దున్నే బయట పెట్టెయ్యండి.

కొమ్మలు వంచాలంటే లేతగా వున్నప్పుడే అల్యూమినియం తీగె చుట్టి మెల్లగా వంచాలి. ముదిరితే పుటుక్కున విరుగుతాయి. నాలుగైదు వారాలకొకసారి చూసి, తీగె బెరడులోకి దిగకముందే కత్తిరించి తీసెయ్యాలి.

పువ్వులు ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తాయి. దీని పూతలో ఒక విచిత్రముంది. మామూలుగా పువ్వు పూస్తే కొమ్మ అక్కడితో ఆగుతుంది. దీనిలో పువ్వు నడుమనుంచి కొమ్మ మళ్ళీ ముందుకు సాగిపోతుంది. వెనక గింజల కాయలు పూసల్లాగా కొమ్మను చుట్టుకుని ఏళ్ళతరబడి వుండిపోతాయి. అందుచేత పువ్వు వాడగానే దాని వెనకగా కత్తిరించాలి. లేకపోతే కొమ్మలు బారులు సాగి, నడుమ బోసిపోతాయి. ఆగస్టు దాటాక కత్తెర బీరువాలో దాచెయ్యండి. అప్పుడు చివళ్ళు తుంచితే, ఫిబ్రవరిలో వచ్చే పువ్వును మీ చేత్తో మీరే తుంచినట్టు.

ఇంకొక మాట. బోన్సాయిలో ఆకు కొంత చిన్నదవుతుంది గాని పువ్వు చిన్నదవదు. బెత్తెడు పువ్వు బెత్తెడే పూస్తుంది. అరచేతిలో పట్టే చెట్టుకు అంత కుచ్చు వస్తే, చంటిపిల్లకు పెళ్ళికూతురి జడ వేసినట్టుంటుంది. అందుకని దీన్ని అడుగున్నర ఎత్తుకు తక్కువ చెయ్యకండి. తొందర కూడా పడకండి. ఒక రూపం రావటానికి నాలుగేళ్ళు పడుతుంది.

తక్కిన ఆస్ట్రేలియా పూలచెట్ల సంగతి అడిగారు కదా. బ్యాంక్సియా మన వానాకాలపు ఉక్కలో వేరుకుళ్ళు తెచ్చుకుంటుంది. 1988 నుంచి ఆ దేశపు జాతీయపుష్పంగా వున్న గోల్డెన్ వాటిల్ మన తుమ్మకు జ్ఞాతే, కాని చల్లని ప్రాంతపు చెట్టు. మన మే నెల దానికి పడదు. పూలు లేకపోయినా ఫరవాలేదనుకుంటే సరుగుడు బోన్సాయి చాలా బాగుంటుంది. కొత్తవాళ్ళు చెయ్యి తిప్పుకోవటానికి అంతకన్నా సహనశీలి లేదు.

అబ్బాయిని అక్కడినుంచి విత్తనాలూ, కొమ్మలూ సూట్‌కేసులో పెట్టుకుని రమ్మని మాత్రం రాయకండి. 2003లో వచ్చిన కేంద్రప్రభుత్వపు ఉత్తర్వు ప్రకారం అనుమతీ, ఆరోగ్యపత్రమూ లేకుండా మొక్కలు, విత్తనాలు దేశంలోకి తేకూడదు. ఇది వట్టి చాదస్తం కాదు. ఆస్ట్రేలియా పుట్టిన ఒక సన్నటి కందిరీగజాతి పురుగు 2000 తరవాతి సంవత్సరాల్లో మన దేశం చేరి, జామాయిలు తోటల్లో ఆకుల ఈనెలన్నీ బుడిపెలు కట్టించింది. కాగితం మిల్లులకు కలప అమ్ముకు బతికే రైతులకు అది ఎంత నష్టమో చెప్పనక్కరలేదు. మన ముచ్చట ఇంకొకరి పంటమీదికి రాకూడదు కదా!

ఇక మిగిలింది పెద్దవాళ్ళ సందేహం. "ఎదగని చెట్టు ఇంట్లో వుంటే పిల్లల ఎదుగుదల ఆగిపోతుందట, నిజమేనా?" అని ఒక అత్తగారు కోడలిమీద ఫిర్యాదుగా రాశారు. అమ్మా, బోన్సాయి ఎదగని చెట్టు కాదు. రోజూ ఎదుగుతూనే వుంటుంది కనుకనే రోజూ కత్తెర పట్టవలసి వస్తోంది. జపానులో 1625 నుంచి పెంచుతూ వచ్చిన ఒక దేవదారుజాతి బోన్సాయి 1945లో హిరోషిమామీద అణుబాంబు పడ్డనాడు ఆ ఊళ్ళోనే వుండి బతికింది. దాని యజమాని కుటుంబం దాన్ని 1976లో అమెరికాకు కానుకగా ఇచ్చింది. వాషింగ్టన్‌లో వుందది. తరతరాలు చేతులు మారుతూ నాలుగు శతాబ్దాలు బతికిన చెట్టును అరిష్టమని ఎట్లా అంటాం?

కోత హింస కాదా అంటారేమో. ఒకప్పుడు హైదరాబాదు చుట్టూ అనాబ్‌షాహీ ద్రాక్షతోటలుండేవి. ద్రాక్షకు ఏటా రెండుసార్లు కోత కోస్తేనే కాపు. మల్లెకు ఆకు దూసి, కొమ్మ నరికితేనే మొగ్గ. కోత హింస కాదు. కోసి ఊరుకోవటం హింస. కోసినవాడు నీళ్ళు పొయ్యాలి.

అసలు చిక్కు అక్కడే వున్నది. ఈ హైటెక్ సిటీ ప్రాంతంలో సగంమంది పదకొండు నెలల అద్దె ఒప్పందాలమీద వుంటున్నవాళ్ళు. ఉద్యోగం మారితే ఊరు మారుతుంది. ఒక్కొక్కసారి దేశమే మారుతుంది. పిల్లలకు సెలవులిచ్చేది, ఊళ్ళు తిరిగేది, చెట్టుకు నీళ్ళు తప్పనిసరయ్యేది అన్నీ ఆ మే నెలలోనే. రెండురోజులు ఇంటికి తాళం వేస్తే నాలుగేళ్ళ కష్టం ఎండుకట్టె అవుతుంది. కనుక కొనేముందు 'ఎక్కడ పెట్టాలి?' అని కాదు, 'నేను లేనప్పుడు ఎవరు చూస్తారు?' అని ఆలోచించండి. జవాబు దొరకకపోతే కొనవద్దు. బాల్కనీలో తులసికోట చాలు.

బాబాయిగారి ఇంట్లో ఈ ప్రశ్న గట్టిగానే వచ్చింది. చెట్టు కోలుకున్న మరుసటేడు మే నెలలో ఊళ్ళో మేనకోడలి పెళ్ళి. ఆయన కదలనన్నారు. "చెట్టుకోసం పెళ్ళి మానేస్తారా మామయ్యగారూ!" అని కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కొడుక్కు చిరాకు వేసింది. తెచ్చిపెట్టిన సరదా ఇంట్లో తగాదా అయి కూర్చుంది. చివరికి పక్క ఫ్లాటులోని బెంగాలీ అమ్మాయి ముందుకు వచ్చింది. అంతవరకు లిఫ్టులో కలిస్తే తల వంచుకుని పోయే పిల్ల. పెద్దాయన ఆమెను కూర్చోబెట్టి, వేలు మట్టిలో గుచ్చి తడి చూడటం, ఆకు వాలటం గుర్తుపట్టటం నేర్పారు. ఆయనకు బెంగాలీ రాదు, ఆమెకు తెలుగు అంతంతమాత్రం. చెట్టు నడుమనుండి పని నడిపించింది. తాళంచెవి ఇచ్చి పెళ్ళికి వెళ్ళి, పదిరోజుల తరవాత వచ్చారు. చెట్టు పచ్చగా వుంది. ఆ ఫిబ్రవరిలో నాలుగు కుచ్చులు పూసింది. మా అంతస్తులో మూడిళ్ళ తాళంచెవులు ఇప్పుడు ఒకరివి ఒకరి దగ్గర వుంటున్నాయి.

కనుక మెల్‌బోర్న్ అబ్బాయి తల్లిగారికి నా సలహా ఇది. ఈ జూన్‌లో వానలు పడ్డాక నర్సరీకి వెళ్ళండి. మొదలు చూసి మొక్క ఎన్నుకోండి. దానితోపాటు, మీరు ఊరికి వెళ్ళినప్పుడు నీళ్ళు పోసే పొరుగింటిని కూడా ఎన్నుకోండి. రెండూ దొరికితే నాలుగేళ్ళకు అబ్బాయి పంపినలాంటి ఫొటో మీరే తీసి అతనికి పంపవచ్చు.

ఆకులు పసుపు తిరిగితే ఎరువు వెయ్యకుండా ముందు నాకొక కార్డుముక్క రాయండి. మీరు పోసే నీళ్ళు బోరువా, కుళాయివా అన్నది అందులో తప్పక రాయండి.